దూరం పోయాకే కుంటి, మర్నాటికి మామూలయ్యే గుర్రం: కారణం పట్టుకునే పద్ధతి

నలభై కిలోమీటర్లు శుభ్రంగా నడిచిన గుర్రం రెండో వెట్ గేట్‌లో, అంటే పోటీ మధ్యలో డాక్టరు పరీక్షించే చోట, ట్రాట్ (నడకకంటే వేగమైన చిన్న పరుగు) చేయించేసరికి తల ఊపుతుంది. డాక్టరు కార్డు మీద ‘ఎడమ ముందు కాలు’ అని రాసి పోటీ నుంచి తప్పిస్తారు. ఇంటికి తెచ్చి మర్నాడు పొద్దున పరుగెత్తిస్తే ఏ తేడా కనిపించదు. రెండు వారాలు విశ్రాంతి ఇచ్చి మళ్ళీ పనిలో పెడతారు. నెల తిరిగేలోపు మళ్ళీ అదే తంతు. ఎక్స్‌రే తీయిస్తే అందులోనూ ఏమీ ఉండదు.

ఎండ్యూరెన్స్, అంటే దూరపు సవారీ పోటీల గుర్రాల్లో ఇది తరచుగా ఎదురయ్యే చిక్కు. పోటీ దూరాలు 40 కిలోమీటర్ల నుంచి 160 దాకా ఉంటాయి. కాలిఫోర్నియాలో 1955 నుంచి జరుగుతున్న టెవిస్ కప్‌లో 24 గంటల్లో వంద మైళ్ళు పూర్తి చేయాలి. ఆ దూరంలో గుర్రం ఒక్కో కాలినీ వేలసార్లు నేలకు మోపుతుంది. పది కిలోమీటర్లకు బయటపడని చిన్న నొప్పి యాభైకి బయటపడుతుంది, ఒక రాత్రి విశ్రాంతితో మళ్ళీ దాక్కుంటుంది. డాక్టరు లాయానికి వచ్చే వేళకు చూపించడానికి కుంటే ఉండదు.

అందుకే ఇలాంటి గుర్రం విషయంలో స్కానింగ్ కంటే ముందు కావలసింది లెక్క. కుంటు ఎప్పుడు, ఎంత దూరానికి, ఏ నేల మీద, ఎటు మలుపులో వచ్చింది, ఎంతసేపటికి పోయింది అన్న లెక్క. ఇది సగం జవాబు చెబుతుంది. మిగతా సగం నొప్పి చోటును మొద్దుబార్చే డాక్టరు సూది చెబుతుంది. కింది పద్ధతి ఆ వరసలోనే సాగుతుంది.

మొదటి అడుగు: కుంటిన చోటే చేయాల్సినవి

నడకలో తేడా అనిపించగానే దిగండి. ‘ఇంకో కిలోమీటరు చూద్దాం’ అనుకుంటే చిన్న లిగమెంట్ (ఎముకలను పట్టి ఉంచే నార) నొప్పి ఆరు నెలల గాయంగా మారవచ్చు.

దిగగానే నాలుగు గిట్టలూ ఎత్తి చూడండి. గిట్ట అడుగున ఉండే మెత్తటి త్రికోణాన్ని ఫ్రాగ్ అంటారు. దానికీ లాడానికీ మధ్య గులకరాయి ఇరుక్కుందేమో హూఫ్‌పిక్‌తో (గిట్ట శుభ్రం చేసే కొక్కెంతో) గీకి చూడండి. లాడం పక్కకు జరిగిందా, మేకు కొన పైకి లేచిందా, హూఫ్ బూటు తిరిగిపోయిందా, బూటు లోపల ఇసుక చేరిందా చూడండి. రాయి తీశాక నడక బాగైనా సరే, ఏ కాలు, ఎన్నో కిలోమీటరు అన్నది రాసుకోండి. రాయి నొక్కిన దెబ్బ కొన్నిసార్లు మర్నాడు గాని తెలియదు.

తర్వాత గిట్ట నాడి చూడండి. గిట్టకు పైన మొదటి పెద్ద కీలు ఫెట్‌లాక్. దాని వెనక భాగంలో రెండు పక్కలా వేళ్ళు తేలిగ్గా ఆనిస్తే సన్నటి నాడి తగులుతుంది. గట్టిగా నొక్కితే అది ఆగిపోతుంది, దొరకదు. పరుగు ఆపిన వెంటనే నాలుగు కాళ్ళలోనూ నాడి బలంగానే ఉంటుంది, గిట్టలన్నీ వెచ్చగానే ఉంటాయి. కాబట్టి ఒక్క కాలును చూసి నిర్ణయానికి రాకూడదు. ఎడమకీ కుడికీ పోల్చండి. ఒక గిట్టలో మాత్రం నాడి టకటకా కొడుతుంటే నొప్పి ఆ గిట్టలోనే ఉండే అవకాశం ఎక్కువ.

పిరుదుల కండరాలను కూడా అరచేత్తో నొక్కి చూడండి. అవి చెక్కలా గట్టిపడి ఉండి, గుర్రం అడుగు తీసి అడుగు వేయడానికి ఇష్టపడకుండా, చెమటలు కారుస్తూ, మూత్రం కాఫీ రంగులో పోస్తుంటే అది కాలి జబ్బు కాదు, కండరాలు దెబ్బతింటున్నాయి. ఆ గుర్రాన్ని ఒక్క అడుగు కూడా నడిపించకండి. నీడ, నీళ్ళు ఇచ్చి డాక్టర్ని అక్కడికే పిలిపించండి. నీరసించి ఒంట్లో నీరు తగ్గిన గుర్రానికి ఫినైల్‌బ్యూటజోన్, ఫ్లునిక్సిన్ లాంటి నొప్పి మందులు మీ అంతట మీరు వేస్తే మూత్రపిండాలు పాడవచ్చు. పైగా ఆ మందు నొప్పిని దాచేస్తుంది, మీరు వెతుకుతున్న ఆధారం చెరిగిపోతుంది.

వెట్ గేట్‌లో డాక్టరు తప్పించినప్పుడు బాధపడుతూ వచ్చేయకండి. అక్కడే మూడు విషయాలు అడిగి రాయించుకోండి: ఏ కాలు, ఎంత స్థాయి, నేరుగా నడిచినప్పుడా మలుపులోనా. కుంటును 0 నుంచి 5 దాకా కొలుస్తారు. 1 అంటే ఒకసారి కనిపించి ఒకసారి కనిపించనిది. 2 అంటే నేరుగా వెళ్తే పట్టుకోవడం కష్టమైనా, గుండ్రంగా తిప్పినప్పుడో బరువు ఎక్కినప్పుడో తప్పక కనిపించేది. 3 అంటే ట్రాట్‌లో ప్రతిసారీ కనిపించేది. 4 మామూలు నడకలోనే తెలిసిపోతుంది. 5 అయితే ఆ కాలు నేలకు ఆనించడానికే గుర్రం వెనకాడుతుంది. వచ్చిపోయే కుంటు ఎక్కువగా 1, 2 దగ్గరే ఉంటుంది, అందుకే ఇద్దరు డాక్టర్లు రెండు కాళ్ళ పేర్లు చెప్పడం కూడా జరుగుతుంది. గేట్‌లో ట్రాట్‌ను ఎవరిచేతనైనా వీడియో తీయించుకోవడం మరిచిపోకండి. గుర్రం నిజంగా కుంటుతున్నప్పటి వీడియో ఒక్కటి దగ్గరుంటే తర్వాత చాలా ఖర్చు తప్పుతుంది.

రెండో అడుగు: తర్వాతి 48 గంటలు

పరుగు ఆపిన వెంటనే, అరగంటకు, రెండు గంటలకు, మర్నాడు పొద్దున లాయం నుంచి బయటకు తీసిన మొదటి అడుగుల్లో, చివరిగా 48 గంటలకు: ఈ ఐదు సమయాల్లో ఒకే చోట, ఒకే నేల మీద చూడాలి. ప్రతిసారీ గిట్ట నాడి, వేడి, వాపు చూసి రాయండి. కుంటు 3 స్థాయికి లోపే ఉంటే 40 మీటర్లు ట్రాట్ చేయించి వీడియో తీయండి. 3 గానీ అంతకు మించి గానీ కుంటితే ట్రాట్ వద్దు, నడక చాలు. చన్నీళ్ళు పట్టాలనుకుంటే ముందు చూసి రాసుకుని, తర్వాత 20 నిమిషాలు పట్టండి.

కుంటు పోయిన తీరే ఒక జవాబు. పదిహేను ఇరవై నిమిషాల్లో పూర్తిగా పోయి, మళ్ళీ పరుగెత్తిస్తే తిరిగి వచ్చే వెనక కాలి కుంటు అయితే రక్తప్రసరణను అనుమానించాలి. వెనక కాళ్ళకు వెళ్ళే పెద్ద ధమనిలో గడ్డకట్టిన రక్తం అడ్డుపడితే ఇలా జరుగుతుంది. అరుదే, కానీ ఈ తీరు మరి దేనికీ ఇంత స్పష్టంగా సరిపోదు. పరుగు ఆపగానే ఆ కాలు రెండోదానికంటే చల్లగా ఉంటుంది, తొడ లోపలివైపు సిర నెమ్మదిగా నిండుతుంది. మర్నాటికి పోయేదైతే గిట్ట అరికాలు కమిలిన దెబ్బో, ఫెట్‌లాక్‌ను వెనక నుంచి మోసే సస్పెన్సరీ లిగమెంటో అయి ఉండవచ్చు. మర్నాడు ఇంకా ఎక్కువైతే గిట్టలో చీము, మేకు ఒత్తిడి, లేదా కండరం. పొద్దున మొదటి అడుగుల్లో బిగిసి, పది నిమిషాల నడకతో సడలేది కీళ్ళ అరుగుదల వైపు చూపుతుంది.

కండరాల అనుమానం ఉంటే రక్తపరీక్షకు సమయం ముఖ్యం. కండరాలు దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైములు సీకే, ఏఎస్‌టీ. సీకే పరుగు ఆగిన 4 నుంచి 6 గంటలకు ఎక్కువగా పెరుగుతుంది, ఏఎస్‌టీ ఒకటి రెండు రోజులకు. మూడు రోజుల తర్వాత సీకే ఒక్కటే చూసి ‘కండరాలు బాగున్నాయి’ అనుకోవడం తరచుగా జరిగే పొరపాటు.

మూడో అడుగు: నోటు పుస్తకం

ప్రతి సవారీకీ ఒక వరుస చాలు. తేదీ, దూరం, సగటు వేగం, నేల రకం అంటే మెత్తటి ఇసుకా, గట్టి మొరమా, రాళ్ళా, తారు రోడ్డా. ఎక్కువ మలుపులు ఎటు తిరిగాయి. ఏ జీను, ఏ మెత్త, ఎవరు రౌతు. లాడం వేసి ఎన్ని రోజులైంది. కుంటు ఎన్నో కిలోమీటరు దగ్గర మొదలైంది, ఎప్పుడు పోయింది. సవారీకి ముందూ తర్వాతా గుండె వేగం.

వీటిలో ఎక్కువమంది వదిలేసేది లాడం తేదీ. గిట్ట ముందు భాగం నెలకు 6 నుంచి 10 మిల్లీమీటర్లు పెరుగుతుంది. ఐదో ఆరో వారానికి గిట్ట ముందు కొన పొడుగై, అడుగు ఎత్తేటప్పుడు గిట్ట నేలను వదలడం ఆలస్యమవుతుంది. ఆ కొద్ది ఆలస్యం మడమ లోపలి భాగాలనూ వెనక టెండన్లనూ (కండరాన్ని ఎముకకు కలిపే నారలనూ) ప్రతి అడుగులో లాగుతుంది. కుంటు ఎప్పుడూ లాడం వేసిన అయిదారు వారాలకే వస్తుంటే సమస్య చాలావరకు అక్కడే ఉంది. అలాకాక లాడం వేసిన ఒకటి నుంచి నాలుగు రోజుల్లో వస్తే ఏదో ఒక మేకు లోపలి సున్నిత భాగానికి బాగా దగ్గరగా పడిందన్న మాట. ఆ మేకు ఒత్తిడి నిలబడి ఉన్నప్పుడు తెలియదు, దూరం పోయి గిట్ట వ్యాకోచించేసరికి నొక్కుతుంది. లాడాలు వేసే నాల్‌బంద్‌తో ఈ తేదీలు పెట్టుకుని మాట్లాడండి, ‘మీ లాడం వల్లే’ అని నింద వేసినట్టు కాకుండా. ఈ గుర్రం మళ్ళీ నడవాలంటే ఆయన సాయం తప్పనిసరి.

గుండె వేగానికి ఇంకో ఉపయోగం ఉంది. విశ్రాంతిలో గుర్రం గుండె నిమిషానికి 28 నుంచి 44 సార్లు కొట్టుకుంటుంది. సవారీ తర్వాత అది స్థిరపడ్డాక లెక్కించి, సుమారు 40 మీటర్లు ట్రాట్‌లో పోయి రండి. బయలుదేరిన క్షణం నుంచి సరిగ్గా నిమిషానికి మళ్ళీ లెక్కించండి. రెండో లెక్క మొదటిదానికంటే నాలుగుకు మించి ఎక్కువైతే అలసటైనా ఉండాలి, కంటికి కనిపించని నొప్పైనా ఉండాలి. అదే దూరానికి, అదే వేగానికి ఈ తేడా సవారీ సవారీకీ పెరుగుతుంటే, తల ఊపకముందే గుర్రం మీకు చెబుతోంది.

నాలుగో అడుగు: ట్రాట్‌ను సరిగ్గా చూడటం

చదునైన గట్టి నేల కావాలి, తడి ఉండకూడదు, జారకూడదు. నడిపించేవారు గుర్రం భుజం పక్కన నడవాలి, పగ్గం వదులుగా పట్టుకోవాలి. నడిపించే సాయీసు (గుర్రపు కాపరి) తలను బిగించి పట్టుకుంటే తల ఊపు కనిపించదు, చాలా పరీక్షలు చెడేది ఇక్కడే. వేగం నెమ్మదిగా, ఒకే తీరుగా ఉండాలి. వేగంగా పరుగెత్తిస్తే చిన్న కుంటు మాయమవుతుంది.

ఫోన్‌లో స్లో మోషన్ పెట్టి, నడుము ఎత్తులో పట్టుకుని, ఎదురుగా వస్తున్నప్పుడూ, దూరంగా వెళ్తున్నప్పుడూ, పక్క నుంచీ తీయండి. రెండు తుంటి ఎముకల మీదా తెల్ల టేపు ముక్కలు అంటిస్తే వెనక కాళ్ళ తేడా వీడియోలో సులువుగా తెలుస్తుంది.

ముందు కాలి లెక్క ఇది: నొప్పి ఉన్న కాలు నేలకు ఆనినప్పుడు తల పైకి లేస్తుంది, బాగున్న కాలు ఆనినప్పుడు కిందికి దిగుతుంది. వెనక కాలికి తుంటి చూడాలి. రెండు టేపుల్లో ఏ వైపుది ఎక్కువ పైకీ కిందికీ ఆడుతుందో ఆ వైపు కాలిని అనుమానించాలి.

ఇక్కడే పెద్ద పొరపాటు జరుగుతుంది. ట్రాట్‌లో ఎడమ వెనక కాలు, కుడి ముందు కాలు కలిసి నేలకు ఆనుతాయి. ఎడమ వెనక కాలు నొప్పి పెడితే గుర్రం బరువును ముందుకు నెట్టడానికి, ఆ రెండూ ఆనిన క్షణంలో తల కిందికి వంచుతుంది. చూసేవారికి ‘కుడి ముందు కాలు ఆనినప్పుడు తల దిగింది కాబట్టి కుడి బాగుంది, ఎడమ ముందు కాలే కుంటుతోంది’ అనిపిస్తుంది. అలా ఎడమ వెనక నొప్పి ఎడమ ముందు నొప్పి వేషంలో వస్తుంది. ముందు కాలిని నెలల తరబడి పరీక్షించి ఏమీ దొరకలేదంటే అదే వైపు వెనక కాలిని మళ్ళీ చూడండి.

అయిదో అడుగు: చేత్తో, గిట్ట నుంచి పైకి

గిట్టను నొక్కి చూసే పట్టకారుతో అరికాలు, ప్రతి మేకు చోటు, ఫ్రాగ్ మధ్య, మడమలు, ఒక్కొక్కటీ ఒకే బలంతో నొక్కాలి. ఒకసారి కాలు లాక్కుంటే ఏమీ కాదు. అదే చోట మూడుసార్లు లాక్కుంటే అది ఆధారం. బొటనవేలితో నొక్కితేనే అరికాలు లోపలికి వంగుతోందంటే అది పలుచబడింది. ఎక్స్‌రేలో అరికాలు మందం 15 మిల్లీమీటర్లు ఉంటే మంచిది. పదికి తక్కువ ఉన్న గుర్రం రాళ్ళ దారిలో నొప్పి పడక తప్పదు.

ఫ్రాగ్ మధ్య గాడిని ప్రత్యేకంగా చూడండి. వానాకాలంలో తడి లాయంలో నిలబడే గుర్రాలకు ఇక్కడ కుళ్ళు పడుతుంది. నల్లటి జిగురు, దుర్వాసన, హూఫ్‌పిక్ లోతుగా దిగడం దాని గుర్తులు. మెత్తటి నేల మీద ఈ గుర్రం చక్కగా నడుస్తుంది, రాళ్ళ మీదకు వెళ్ళగానే కుంటుతుంది, మళ్ళీ మెత్తటి నేల రాగానే మామూలవుతుంది. ఇంత చవగ్గా నయమయ్యే కారణాన్ని స్కానింగ్‌ల హడావిడిలో వదిలేయడం బాధాకరం.

తర్వాత సస్పెన్సరీ లిగమెంట్. మోకాలి కింద పొడవాటి కానన్ ఎముక వెనక, టెండన్లకూ ఎముకకూ మధ్య ఉంటుంది. ఫెట్‌లాక్ కుంగిపోకుండా ఉయ్యాలలా మోసేది ఇదే. కాలు ఎత్తి మోకాలు మడిచి, వెనక టెండన్లను పక్కకు నెట్టి, మోకాలికి కొద్దిగా కింద బొటనవేలితో లోతుగా నొక్కండి. రెండు కాళ్ళకూ అంతే బలంతో చేసి పోల్చండి. దీని పైభాగం రెండు సన్నటి పక్క ఎముకల మధ్య దాగి ఉంటుంది కాబట్టి దెబ్బతిన్నా పైకి వాపు కనిపించకపోవచ్చు. ‘వాపు లేదు, వేడి లేదు’ అన్న మాటతో దీన్ని కొట్టిపారేయకూడదు.

కీళ్ళు మడిచి నిమిషం పట్టి ఉంచి వదిలే పరీక్ష డాక్టరుకే వదిలేయండి. పట్టే బలం మారితే ఫలితం మారుతుంది, మంచి గుర్రాలు కూడా రెండు అడుగులు కుంటవచ్చు.

ఆరో అడుగు: ఒక్కొక్కటీ మార్చి చూడటం

పది మీటర్ల వ్యాసం ఉన్న వలయంలో తాడు మీద ట్రాట్ చేయించండి, ముందు గట్టి మట్టి నేల మీద, తర్వాత మెత్తటి ఇసుకలో, రెండు వైపులా, మూడు నాలుగు చుట్లు. లాడం ఉన్న గుర్రాన్ని కాంక్రీటు మీద తిప్పకండి, జారితే ప్రమాదం.

గట్టి నేల మీద, నొప్పి ఉన్న కాలు వలయం లోపలి వైపు ఉన్నప్పుడు కుంటు ఎక్కువైతే గిట్ట మీద అనుమానం బలపడుతుంది. మెత్తటి ఇసుకలో, ఆ కాలు వలయం బయటి వైపు ఉన్నప్పుడు ఎక్కువైతే సస్పెన్సరీ వైపు చూడాలి. ఇసుకలో గిట్ట దిగి ఫెట్‌లాక్ ఇంకా కుంగుతుంది, లిగమెంట్ సాగుతుంది. ఇది నూటికి నూరుపాళ్ళ నియమం కాదు, కానీ ఎక్కడ మొదలుపెట్టాలో చెబుతుంది.

తర్వాత రౌతు. రౌతు లేకుండా బాగుండి, రౌతు ఎక్కాక కుంటే గుర్రాలు చాలా ఉంటాయి. ట్రాట్‌లో లేచి కూర్చునేటప్పుడు రౌతు ప్రతిసారీ ఒకే కర్ణం మీద, అంటే ఒకే ముందు కాలు దానికి ఎదురు వైపు వెనక కాలు జత ఆనినప్పుడే కూర్చుంటే, ఆ ఒత్తిడి ఒక్కటే వెనక కాలి కుంటులా కనిపిస్తుంది. దూరాల్లో అలసిన రౌతు తెలియకుండానే ఒకే వైపు ఉండిపోతారు. కిలోమీటరుకోసారి మార్చండి, రెండో వైపు కూర్చున్నప్పుడు కుంటు మారిందా చూడండి. జీను తీయగానే చెమట గుర్తులు ఫోటో తీయండి. చెమట తడి మధ్య పొడిగా ఉండిపోయిన మచ్చ కనిపిస్తే అక్కడ జీను గట్టిగా నొక్కుతుండవచ్చు.

ఒకసారికి ఒక్క మార్పే. జీను, లాడం, నేల మూడూ ఒకే వారంలో మార్చి కుంటు పోతే ఏది నయం చేసిందో ఎప్పటికీ తెలియదు, మరుసటి నెల అది తిరిగొస్తే మొదటికి వస్తారు.

కాలిది కాని కుంటు

తోక పట్టి పక్కకు లాగితే తూలడం, చిన్న వలయంలో తిప్పితే వెనక కాళ్ళు ఒకదాన్నొకటి తొక్కుకోవడం, వాలు దిగేటప్పుడు తడబడటం ఉంటే నరాల సమస్య అనుమానించండి. మన దేశంలో దీనికి తోడు సర్రా గుర్తుంచుకోవాలి. ఈగలు వ్యాపింపజేసే ఈ రక్తపరాన్నజీవి వల్ల వచ్చిపోయే జ్వరం, రక్తహీనత, పొట్ట కింద, కాళ్ళలో వాపు, వెనక కాళ్ళ బలహీనత వస్తాయి. గుర్రం ఉష్ణోగ్రత మామూలుగా 37.5 నుంచి 38.5 డిగ్రీల సెల్సియస్. పదిరోజులపాటు ఉదయం సాయంత్రం రాసి చూస్తే జ్వరం వచ్చిపోతోందో లేదో తెలుస్తుంది. రక్తపరీక్షకు హిసార్‌లోని జాతీయ అశ్వ పరిశోధన కేంద్రం ఉంది. అమెరికాలో గుర్రం ఉన్నవారు, ముఖ్యంగా ఈశాన్య రాష్ట్రాల్లో ఉన్నవారు, కుంటు ఒక కాలి నుంచి ఇంకో కాలికి మారుతుంటే పిడుదులు మోసుకొచ్చే లైమ్ వ్యాధి గురించి డాక్టర్ని అడగండి.

అరబ్ గుర్రాల్లో మయోఫైబ్రిల్లర్ మయోపతి అనే కండరాల జబ్బు కూడా ఉంది. వెనక కాళ్ళలో స్పష్టం కాని బిగుతు, ముందుకు సాగడానికి అయిష్టత, అప్పుడప్పుడు కండరాలు పట్టేయడం దాని తీరు. రక్తపరీక్ష మామూలుగా వచ్చినా ఇది ఉండవచ్చు, కండరం ముక్క తీసి పరీక్షిస్తేనే తేలుతుంది.

ఏడో అడుగు: డాక్టరు ముందు కుంటించడం

మొద్దుబార్చే ఇంజెక్షన్లతో నొప్పి చోటు పట్టుకోవాలంటే గుర్రం ఆ క్షణంలో కుంటుతూ ఉండాలి. నోటు పుస్తకం అసలు ఉపయోగం ఇప్పుడు తెలుస్తుంది. మెత్తటి ఇసుకలో ముప్పయ్యో కిలోమీటరు దగ్గర కుంటు మొదలవుతుందని తెలిస్తే, ముందురోజు సాయంత్రం లేదా అదే పొద్దున అంత పని ఇచ్చి, కుంటు 2 స్థాయికి రాగానే ఆపి డాక్టరుకు చూపించండి. అంతకు మించి నెట్టకండి. కుంటు మొదటిసారే వచ్చినదైతే, లేదా కానన్ వెనక నొక్కితే నొప్పి ఉంటే ఈ పని చేయకూడదు. అప్పుడు నేరుగా అల్ట్రాసౌండ్‌కే వెళ్ళాలి. నొప్పి మందులు ఎన్ని రోజుల ముందు ఆపాలో డాక్టరే చెబుతారు.

డాక్టరు కింద నుంచి పైకి వెళ్తారు. మొదట గిట్ట వెనక భాగపు నరాల దగ్గర రెండు వైపులా మొద్దుబార్చే మందు 2 శాతం మెపివకైన్ ఒకటిన్నర, రెండు మిల్లీలీటర్ల చొప్పున ఇచ్చి, చర్మం మొద్దుబారిందని తేల్చుకుని, 5 నుంచి 10 నిమిషాల్లో మళ్ళీ ట్రాట్ చేయిస్తారు. కుంటు పోతే నొప్పి గిట్టలోనే. ఇరవై నిమిషాలు ఆగితే మందు పైకి పాకి, పైభాగంలోని నొప్పి కూడా పోయి తప్పుదారి పట్టించవచ్చు. గిట్ట దగ్గర తేడా లేకపోతే ఫెట్‌లాక్, ఆ పైన కానన్ పైభాగం. సస్పెన్సరీ పైభాగానికి ఇచ్చిన మందు మోకాలి కింది కీలులోకి చేరే అవకాశం ఉంది కాబట్టి ఒక్క ఇంజెక్షన్‌తో తీర్పు ఇవ్వరు. ప్రతి ఇంజెక్షన్‌కు ముందూ తర్వాతా అదే నేల మీద, అదే వలయంలో మీరే వీడియో తీయండి. ఆ రోజు గుర్రాన్ని తిరిగి పరుగెత్తించకండి. నొప్పి తెలియని కాలు జాగ్రత్త పడదు.

చోటు దొరికాకే బొమ్మలు తీయించాలి. గిట్ట అయితే పక్క నుంచి ఎక్స్‌రే, అందులో అరికాలు మందం, గిట్ట కోణం. సస్పెన్సరీ అయితే రెండు కాళ్ళకూ అల్ట్రాసౌండ్, ఎందుకంటే పోల్చడానికి రెండో కాలు కావాలి. లిగమెంట్ అంటుకున్న ఎముకలో సమస్యను అల్ట్రాసౌండ్ చూపించలేదు, ఎంఆర్‌ఐ చూపిస్తుంది. ఎక్స్‌రేలో కనిపించే ప్రతి మచ్చా నొప్పికి కారణం కాదు. మొద్దుబార్చే పరీక్ష చెప్పిన చోటుకు సరిపోయిన మార్పునే లెక్కలోకి తీసుకోవాలి.

తేలాక చేయాల్సింది

గిట్ట సమస్య అయితే లాడం మార్చే గడువును నాలుగైదు వారాలకు తగ్గించండి. గిట్ట ముందు కొన పొడవు తగ్గించి, అడుగు తేలిగ్గా ఎత్తేలా ముందు అంచు గుండ్రం చేయించండి. మేకులు గిట్ట వెడల్పైన చోటుకు ముందే ఉండాలి, మడమ వైపు వేస్తే గిట్ట వ్యాకోచించలేదు. పలుచటి అరికాలుకు వెడల్పు లాడం, ప్యాడ్. ఫ్రాగ్ కుళ్ళుకు పాడైన భాగం చెక్కించి, గాడిలో మైలుతుత్తం కలిపిన దూది దట్టించి, లాయం పొడిగా ఉంచండి. పచ్చి మాంసం కనిపిస్తుంటే మైలుతుత్తం వద్దు, పలుచటి పొవిడోన్ అయోడిన్ వాడండి.

సస్పెన్సరీ అయితే ఓపిక కావాలి. కుంటు వారంలో పోతుంది, లిగమెంట్ మానడానికి నెలలు పడుతుంది. మళ్ళీ మళ్ళీ వచ్చే కుంటులో సగం కథ ఇదే. సాధారణంగా సాగే వరస: మొదటి వారం రోజుకు రెండుసార్లు పదేసి నిమిషాలు చేత్తో నడిపించడం, వారానికి ఐదేసి నిమిషాలు పెంచడం, ఎనిమిదో వారం అల్ట్రాసౌండ్. తొమ్మిదో వారం నుంచి రౌతుతో నడక. పన్నెండో వారం స్కాన్ బాగుంటే చదునైన గట్టి నేల మీద ఐదు నిమిషాల ట్రాట్, వారానికి ఐదు చొప్పున పెంపు. మెత్తటి ఇసుక, చిన్న వలయాలు, వేగం చివరికి. వెనక కాలి సస్పెన్సరీ ముందు కాలి దానంత సులువుగా మానదు, అక్కడ మొదటి నుంచే డాక్టరుతో ఇతర చికిత్సల గురించి మాట్లాడాలి. ఈ గడువుల్లో మీ డాక్టరు మార్పులు చేస్తే ఆయన మాటే వినండి. గుర్రం ఉత్సాహంగా గంతులేస్తోందని మాత్రం గడువు తగ్గించకండి.

తిరిగి పోటీకి మొదట 40 కిలోమీటర్లే ఎంచుకోండి, గెలవడానికి కాక పూర్తి చేయడానికి వెళ్ళండి. కుంటు ఏ నేల మీద వచ్చేదో ఆ నేల దారిలో ఎంత ఉందో ముందే కనుక్కోండి, అక్కడ ట్రాట్ ఆపి నడిపించండి. నోటు పుస్తకం మరో ఆరు నెలలు కొనసాగించండి. ఏ రోజు ట్రాట్‌లో తల కదిలినా అక్కడే దిగి, గిట్ట ఎత్తి, నాడి చూసి, కిలోమీటరు సంఖ్య రాయండి.